అన్నని దాటని పరుగు

కలకత్తా

అమ్మా రాజకుమారీ, నీ కొడుకు జట్టులోనే ఉన్నాడు, ఇక కంటినిండా నిద్రపో.

పరుగు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి పంపేస్తానన్నాడు కోచ్. నేను చదివిన చరిత్రలో ఏ రాజుకీ ఇంత అధికారం లేదు. వెళ్లి చూద్దును కదా, మన రాజాం వాడైన కెప్టెన్‌కి వయసు మీద పడిందని మైదానం చుట్టూ తిరిగే చుట్లు తక్కువ. అతను ఆగగానే మన పృథ్వీ కూడా ఆగిపోతున్నాడు!

"ఏటిరా, ఆయాసమైనా రానేదు కదా?" అన్నాను.

"అన్న ఆగిపోనాక దాటెల్లిపోతే ఏటి బాగుంటాది తాతా?" అన్నాడు.

కోచ్‌కి చెబితే పగలబడి నవ్వాడు. నిన్న కెప్టెన్‌ని గీత బయట నిలబెట్టి పరీక్ష పెట్టాడు. "పరిగెట్టరా తమ్ముడూ, ఆగితే తంతాను!" అని కెప్టెన్ ఒకటే కేకలు. అందరూ కూలబడినా మనవాడు పరిగెడుతూనే ఉన్నాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది.

వాడికి తాండ్ర పంపకు, కోచ్ తీపి మాన్పించాడు. నాకు పంపు. గేదె ఈనిందా?

పిల్లలకు నా దీవెనలు. "వారంలో తిరిగొచ్చేస్తాడు" అని పృథ్వీని వెక్కిరించిన మీ గణపతిరావు బాబాయికి పోస్ట్‌మాన్ దీన్ని దారిలోనే చదివి వినిపిస్తాడు. అందుకే కవరు కొనకుండా కార్డు మీద రాశాను.

మీ మామయ్య