పాదాలకు టెరాహెర్ట్జ్ గాలి

పల్నాడు జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, నరసరావుపేట బస్టాండు వెనక వీధిలో కాపురముండు విశ్రాంత తెలుగు పండితుడు బందెల ఇశ్రాయేలు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: టెరాహెర్ట్జ్ వైద్యం పేరిట మా వీధిలో నడుచుచున్న కేంద్రమును తనిఖీ చేయించి, అచ్చట కూర్చున్నవారందరి పాదములకు పరీక్ష జరిపించుట గురించి.

1. నా భార్య దేవమ్మకు చాలా ఏళ్ళుగా షుగరు వ్యాధి కలదు. దానివలన ఆమె అరికాళ్ళకు స్పర్శ పోయినది. చెప్పు జారిపోయినా తెలియక నడిచిపోయేది. గత వేసవిలో మా వీధిలోని ఖాళీ షాపులో సదరు కేంద్రమును తెరిచారు. చేతిలో పట్టుకొనే గొట్టం వంటి మిషను, దానిలోంచి వేడిగాలి. లోపలి రాయి నుంచి టెరాహెర్ట్జ్ తరంగాలు వచ్చి చచ్చిన నరాలను బతికిస్తాయని చెప్పారు. కూర్చోవడం ఉచితం. నచ్చినవారు మిషను కొనుక్కోవచ్చు.

2. పొద్దున్నే వీధిలోని ఆడవారంతా అక్కడికి పోయేవారు. పక్కింటి హజ్రా బీకి కూడా షుగరే. ఆమె దేవమ్మను చేయి పట్టుకొని తీసుకుపోయేది. వరసగా కుర్చీల్లో కాళ్ళు చాపుకొని, కష్టసుఖాలు చెప్పుకొని వచ్చేవారు. నా భార్య నవ్వుకుంటూ ఇల్లు చేరేది. వద్దనడానికి నాకు మనసొప్పలేదు.

3. ఒకనాడు మిషను పట్టుకొన్న మనిషి "వేడి తగుల్తందా అమ్మా?" అని అడిగాడట. "ఏం తగలట్లా నాయనా" అన్నదట ఈమె. "నరం చానా మొద్దుబారింది, ఇంకాసేపు పెడదాం" అని పెట్టాడట. మర్నాటికి బొబ్బ లేచింది. అది పుండై, చీము పట్టింది. గుంటూరు ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. కట్టు విప్పిన రోజు ఆమె పాదం వైపు చాలాసేపు చూసి, "నొప్పే లేదు గదయ్యా, మరి ఏళ్ళెందుకు తీశారు?" అని నన్నడిగింది.

4. మా పై వాటాలో ఉంటున్న ఫిజిక్సు లెక్చరరు రోహిణి గారు ఆ మిషను చూసి వచ్చారు. టెరాహెర్ట్జ్ తరంగాలు అబద్ధం కావట. మందు బిళ్ళ పైపూత కొలవడానికి, బట్టల చాటున దాచినవి కనిపెట్టడానికి వాటిని వాడుతున్నారట. అయితే నీళ్ళు తగిలితే అవి ఆగిపోతాయి గనుక ఒంట్లోకి లోతుగా పోలేవట. "షుగరు ఉన్నవాళ్ళ పాదం పొడిబారడాన్ని పుండు పడకముందే వీటితో పట్టుకోవచ్చా అని పరిశోధనలు జరుగుతున్నాయి మాస్టారూ. ఈ మిషన్లో మాత్రం నాకు వేడిగాలే కనపడింది. గట్టిగా చెప్పాలంటే ల్యాబులో చూడాలి" అన్నారు. ఏ తరంగాలతో నా భార్య పాదాన్ని కాపాడవచ్చునేమో అని శాస్త్రజ్ఞులు చూస్తున్నారో, ఆ తరంగాల పేరు చెప్పి అదే పాదాన్ని కాల్చారు. ఇది వ్రాయుటకు నాకు తగిన గ్రాంథికం దొరకలేదు.

5. ఇంతకుముందు కొన్ని కార్యాలయాలు తిరిగాను. పేర్లు చెప్పి ఎవరినీ నొప్పించను. ఒకచోట అది మందు కాదు గనుక తమ పరిధి కాదన్నారు. ఇంకొకచోట అది ఆస్పత్రి కాదు గనుక తమ పరిధి కాదన్నారు. మరొకచోట "ఆమె ఇష్టపడే కూర్చుంది కదా పెద్దాయనా" అన్నారు. మెట్లు దిగి వచ్చేశాను.

6. పోయిన వారం దేవమ్మ కర్ర పట్టుకొని తానే ఆ కేంద్రానికి పోయింది. వెనకే నేనూ పోయాను. అందరి ఎదుట కుర్చీలో కూర్చుని కట్టు విప్పింది. "నా కాలు చూడండి. ఇంటికి పోయి మీ కాళ్ళు కూడా చూసుకోండి. మనకి తెలవదు, కాలినా తెలవదు" అన్నది. కొందరు లేచిపోయారు. హజ్రా బీ మాత్రం కదలలేదు. "నీకు షుగరు మరీ ఎక్కువక్కా, అందుకని అట్టా అయింది" అన్నది. మర్నాడు చూస్తే కుర్చీలు మళ్ళీ నిండినవి. ఆ రోజు దేవమ్మ అన్నం ముట్టలేదు.

కావున తమరు సదరు మిషనును ల్యాబులో పరీక్ష చేయించవలెనని కోరుచున్నాను. అది తేలడానికి ఎన్ని నెలలైనా పట్టవచ్చునని నాకు అనుభవం మీద తెలిసినది. పాదాలు అంతవరకూ ఆగవు. ముందుగా ఒక నర్సమ్మను మా వీధికి పంపించండి. ఎవరి పరిధి అన్నది తర్వాత తేల్చుకోవచ్చును.

తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బందెల ఇశ్రాయేలు

తా.క.: ఈ అర్జీ స్వయంగా తెచ్చి ఇద్దామనుకున్నాను. ఇప్పుడు హజ్రా బీని ఆస్పత్రికి తీసుకుపోతున్నందున పోస్టులో వేస్తున్నాను. కవరు అంటిస్తుంటే ఆమె గుమ్మంలోకి వచ్చి, "మాస్టారూ, నా కాలు గూడా ఒకపాలి చూడండి" అన్నది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మడమ కింద బొబ్బ చితికి పచ్చిగా ఉన్నది. దాని పక్కనే వేలితో గట్టిగా నొక్కాను. ఆమె గోడ వైపు చూస్తూ, "ఇంకా చూళ్ళేదేంది మాస్టారూ?" అని అడిగింది.