దుప్పటి మీద ఇప్పపువ్వు

ఆదివారం

రాలే పువ్వు చెత్తలో కలవకుండా అత్తమ్మ నిన్ననే ఇప్పచెట్టు కింద ఊడ్చి వచ్చింది. ఈమధ్య గూడూరు అడవి చూడటానికి జనం ఎక్కువయ్యారు. పొద్దున మేం వెళ్లేసరికి హనుమకొండ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి అక్కడే దుప్పటి పరిచి టిఫిన్ చేస్తోంది. నాకు ఒళ్లు మండింది. వారం వారం ఇట్లా వస్తే మేం పువ్వు ఎక్కడ ఏరుకోవాలి?

"గిది మేం పువ్వేరుకునే జాగ," అన్నాను. వాళ్లు కంగారుగా లేవబోయారు.

అత్తమ్మ మాత్రం దుప్పటినే చూస్తోంది. దాని మీద రాలిన పువ్వుకు ఇసుమంత మట్టి అంటలేదు.

"లేవకుర్రి బిడ్డా, జర అంచుకు జరిగి కూసోర్రి," అంది.

పోతూ పోతూ వాళ్లే దుప్పటి ఎత్తి పువ్వంతా మా గంపలో పోశారు.

ఇప్పుడు అత్తమ్మ రెండు పాత చీరలు కలిపి కుడుతోంది, చెట్టు కింద పరచడానికి. వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక మూల వదలాలట.