పన్నెండో నంబరు స్టాలులో పాత సామాను

నాచారం, 3-2-1967
శ్రీ సిద్దయ్య గారికి,
మా మోటారు విడిభాగాల తయారీదారుల సంఘంలో కిందటేడు పదకొండుగురం, ఈ ఏడు ముప్పై నలుగురం. మార్చిలో జరిగే రెండో ప్రదర్శనలో మీకు పన్నెండో నంబరు స్టాలు ఇచ్చాం. ఒక మెకానిక్‌కు ఇవ్వడం ఇదే మొదలు. మీ పనితనం తెలిసే సామాను ముందుగా పంపండి.
ఇట్లు,
రామ్మోహనరావు, కార్యదర్శి
తా.క. శుభ్రంగా ఉండాలి. ప్రారంభానికి వచ్చే పెద్దమనిషిది తెల్ల పంచె.

ఉప్పల్, 12-2-1967
సెక్రటరీ సార్‌కు మెకానిక్ సిద్దయ్య దండాలు.
మస్తు సంతోషమైంది. మీ ఫ్యాక్టరీల లారీలు నా షెడ్డు ముంగట్నుంచే పోతయి గని ఆగవు. స్టాలు జూసి నాలుగు లారీలు ఆగితే షెడ్డు నిలబడ్తది. లేకుంటే దసరాకు మూసుడే. నలభై ముక్కలు పెట్టెల పెట్టి ఎడ్లబండి మీద పంపిన. అన్నిటికీ చీటీలు కట్టిన.
మీ సిద్దయ్య
తా.క. కిరసనాయిలుతోని కడిగిన. పంచెకు ఫికర్ లేదు.

నాచారం, 15-2-1967
సిద్దయ్య గారికి,
పెట్టె తెరిచాం. లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు, అవీ విరిగినవి; కాలిన క్లచ్ ప్లేట్లు! పాత ఇనుప సామాను దుకాణానికి పోవలసింది మాకు వచ్చిందనుకున్నాను. చీటీ చదివాను: 'చిదంబరం సార్ ఫ్యాక్టరీ పట్టీ, మూడు నెలలకే ఇరిగింది.' ఆయన మా సంఘం అధ్యక్షులు! కొత్త సామాను పంపకపోతే స్టాలు రద్దు.
ఇట్లు,
రామ్మోహనరావు
తా.క. పట్టీ ఆయన చేతిలోనే ఉంది. ఇంకా కింద పెట్టలేదు.

ఉప్పల్, 18-2-1967
సార్‌కు దండాలు.
కొత్తది నేను జెయ్య సార్, మీరు జేస్తరు. నేను పాతది ఇప్పి కొత్తది బిగిస్త. పాత ముక్క చేతిల పెట్టకుంటే లారీ ఓనర్ 'పాతదేదిరా?' అని గల్లా పట్టుకుంటడు. సూసినంక ఆ ముక్క నాకే ఇడిసిపోతడు. గదే నా పనితనం. చీటీలల్ల ఒక్క అబద్ధం లేదు. స్టాలు మాత్రం తియ్యకుండ్రి.
సిద్దయ్య
తా.క. అధ్యక్షులవి ఇంకో మూడున్నయి. మర్యాదకు పంపలే.

నాచారం, 25-2-1967
సిద్దయ్య గారికి,
కమిటీలో అందరూ మీ స్టాలు తీసేయమన్నారు. తరవాత ఒక్కొక్కరే నా గదికి వచ్చారు. చిదంబరం గారు తన పట్టీ తీసి, ఇంకో సభ్యుడు కామరాజు గారి క్లచ్ ప్లేట్లు ఉంచమన్నారు. కామరాజు గారు తనవి తీసి ఆ పట్టీని ముందు వరసలో పెట్టమన్నారు. ఇలా తొమ్మిది మంది. అందరి మాటా వింటే పెట్టె ఖాళీ. అందుకని ఒక్కటీ తీయలేదు. అన్నీ పరచడానికి చోటు చాలదు కాబట్టి పదమూడో నంబరు స్టాలు కూడా మీదే.
ఇట్లు,
రామ్మోహనరావు
తా.క. సోమవారం నుంచి చిదంబరం గారి సొంత లారీలు నాలుగూ మీ షెడ్డుకే వస్తాయి. వాటికి తన పట్టీలు కాకుండా వేరేవాళ్లవి బిగించాలట. చీటీ మాత్రం కట్టొద్దన్నారు.