ఎముకల పెట్టె

పటమట, 20-10-74

నాన్నగారికి ఫిలోమిన నమస్కారాలు. అత్తయ్య మొన్న కోపంలో రాసిన కార్డు చూసి కంగారు పడకండి. మేమిద్దరం రాజీపడ్డాం.

జరిగింది ఇదీ. సీనియర్ రాజ్యలక్ష్మి గారు తన అనాటమీ పుస్తకాలు, రంగు పెన్సిళ్ళతో పాటు ఎముకల పెట్టె కూడా నాకు ఇచ్చారు. ఏటా సీనియర్లు జూనియర్లకు అలా ఇవ్వడం మా మెడికల్ కాలేజీలో ఆనవాయితీ. హాస్టల్లో రూము దొరికేదాకా ఇక్కడ అత్తయ్య ఇంట్లోనే చదువుకుందామని గుంటూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. చీరలేమో అనుకుని అత్తయ్య మూత తీసింది. "మనిషి పుర్రెని ఇంట్లోకి తెస్తావటే! అది ఉంటే నేనుండను" అని అరుగు మీదకు పోయి కూర్చుంది. మీకు కార్డు రాసింది అక్కడే.

మర్నాడు తనే పెట్టె దగ్గర కొవ్వొత్తి వెలిగించి, "ఎవరే పాపం?" అంది. పేరు తెలీదు గానీ, కటి ఎముకని బట్టి మగమనిషేనని చెప్పాను. "అయితే ఆయన్ని కింద పెట్టకు" అని బియ్యం డబ్బా మీద చోటిచ్చింది. ఇప్పుడు నేను తొడ ఎముక పట్టుకుని వల్లె వేస్తుంటే, "మెల్లిగా పట్టుకోవే" అంటోంది.

తెల్లకోటు ఇంకొకటి కుట్టించండి, చేతులు పొడుగ్గా ఉండాలి. గేదె ఈనిందా? తమ్ముడి జ్వరం తగ్గిందా? అమ్మను అడిగానని చెప్పండి.

సమాధుల పండుగకి నానమ్మ మన పోయినవాళ్ళ పేర్లు ప్రార్థన కోసం ఫాదరు గారికి ఇచ్చేటప్పుడు ఈ పెట్టెలో ఆయన్ని కూడా చేర్చమనండి. పేరడిగితే, మనవరాలికి పాఠం చెప్పే పంతులు గారని చెప్పమనండి.

మీ దీవెనలు కోరే
ఫిలోమిన