రేకుల షెడ్డు అవతలి రథం

వడోద్, సూరత్
మార్కండేయ జయంతి మరునాడు

చిరంజీవి సంగీతకు, నీ బాపు రాజనర్సు స్వామి పాదాలు తలచుకొని దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం సుఖంగా ఉన్నాం అని మొదలుపెట్టబోతుంటే మీ అమ్మ పక్కనుంచి నా మోచెయ్యి పట్టుకుంది. "ఉన్నదున్నట్టు రాయి. బిడ్డకు గూడ ప్రవచనం జెప్పకు" అంది. కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ అమ్మ తుంటి ఎముక అతుకుతోంది. నా బీపీ అదుపులో ఉంది. మిగిలిన ఒక్క సంగతీ చివరన రాస్తాను. అక్కడ కచ్ ఎండలో నువ్వు ఎలా ఉన్నావో రాయి. తలకు గుడ్డ కట్టుకోకుండా ఆ సోలార్ పలకల మధ్య తిరగకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అమ్మ నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని మన గదిలోంచి డాబా మీదికి వస్తోంది. మెట్లు మాత్రం దిగవద్దన్నాడు డాక్టరు. మందులు వేళకు వేసుకుంటోంది, నాతో పోట్లాట కూడా వేళకే. ఫోన్ ఎందుకు ఎత్తవు బాపూ, ఫోన్ ఎత్తవు కాబట్టే కాగితం రాయాల్సి వస్తోంది అని కోప్పడ్డావు. మునిసిపల్ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయని సంతోషించు. అసలు జవాబు తర్వాత చెబుతాను. ముందు నువ్వు ఇంట్లో వదిలిపెట్టి పోయిన ఆ చిన్న డ్రోను సంగతి.

నీకు తెలుసు, జయంతి రోజు మన పద్మశాలోళ్ల రథం మీద మగ్గం పెట్టి, ఊరేగింపు నడుస్తుండగానే గుడ్డ నేసి, గుడి ముందు దాన్ని కోసి స్వామికి కప్పుతాం. ఆ మగ్గానికి కండెలు చుట్టేది మీ అమ్మ. పెళ్లయి సూరత్ వచ్చిన ఏడు నుంచి ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. ఈసారి కూడా కుర్చీలో కూర్చుని ఎర్ర నూలు చుట్టి పంపింది. పంపాక గోడవైపు తిరిగి పడుకుంది. "కండెలు బోయినయి, నేను బోలే" అంది. అంతే. అప్పుడే అనుకున్నాను, ఆమె దిగలేకపోతే రథాన్నే డాబా మీదికి తెస్తానని.

జయంతికి ముందు వారం డ్రోను ఎగరేసి చూశాను. మన డాబాకూ గుడికీ మధ్య మిల్లు రేకుల షెడ్డు ఉందిగా, అక్కడిదాకా బొమ్మ అద్దంలా వచ్చింది. షెడ్డు దాటగానే గళ్లు గళ్లుగా విరిగిపోయి ఆగిపోయింది. ఎన్నిసార్లు ఎగరేసినా అదే కథ. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో నేను చేసిన పని విను. చేతిలోని రిమోటుకు రెండు ఏరియల్ రెక్కలున్నాయి కదా, ఆ రెండింటి కొనలనూ గురిచూసి డ్రోను మీదికే పెట్టాను. నేను గుడిలో ప్రవచనం చెబుతూ తాగుబోతులను నిలదీసేటప్పుడు వేలు ఎలా పెడతానో అలాగే. గురి కుదిరినకొద్దీ బొమ్మ ఇంకా చెడిపోయింది.

కింద సెల్‌ఫోన్లు బాగుచేసే దశరథం పైకి వచ్చాడు. "నర్సన్నా, రేంజి లేదంటె ఏంది ఫికర్? బూస్టర్ గొడ్దాం. తాపీ నది దాటి అడాజన్ దాక పోతది సూడు" అన్నాడు.

మీ అమ్మ కుర్చీలోంచే అంది, "అడాజన్ల మనకు ఎవలున్నరు దశరథం? నాకు గుడి దాక జాలు."

వాడు ఊరుకోక వంటింట్లో రొట్టెలు చుట్టే వెండికాగితం తెచ్చి ఏరియళ్ల వెనక డొప్పలా కట్టాడు. దాని తీరే వేరు, డ్రోను డాబా దాటకముందే బొమ్మ పోయింది. "గిది రొట్టెలకే పనికొస్తది తియ్" అంది మీ అమ్మ. అప్పుడు నీకు రాశాను.

నీ జవాబు జయంతికి ముందే అందింది. బూస్టర్ వద్దన్నావు. అది చట్టానికీ ఒప్పదు, పనికీ రాదు, మన కేక పెద్దదైతే మాత్రం డ్రోను గొంతు పెద్దది కాదు కదా, దాని జవాబు మనకు అందొద్దా అని అడిగావు. ఇంకో మాట రాశావు. "బాపూ, ఏరియల్ కొనలోంచి సిగ్నల్ పోదు. దాని వెడల్పు పక్కనుంచి పోతది. ఉంగ్లీ నహీ, హథేలీ దిఖావో."

వేలు కాదు, అరచెయ్యి. బిడ్డా, ఆ వాక్యం మళ్లీ చదివాను. లేచి గుడికి పోయి స్వామి ఎదుట నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఆ విగ్రహం ముందే నిలబడి జనాన్ని వేలు పెట్టి గద్దించాను. నా వెనక స్వామి మాత్రం అరచెయ్యి చూపిస్తూనే ఉన్నాడు. దేవతలెవరూ భక్తుడికి వేలు చూపించరు, అభయహస్తమే చూపిస్తారు. ఈ సంగతి శాస్త్రంలో ఉంది, శిల్పంలో ఉంది. నా తలకు ఎక్కడానికి నా కూతురు డ్రోను గురించి రాయాల్సి వచ్చింది.

తక్కినవి కూడా నువ్వు చెప్పినట్టే చేశాను. నేను నిలబడుతున్న చోటు నీళ్ల ట్యాంకు వెనక. నీళ్లు సిగ్నల్‌ను తాగేస్తాయన్నావు కదా, అక్కడినుంచి తూర్పు మూలకు మారాను. అక్కడ నాకూ డ్రోనుకూ మధ్య అడ్డం లేదు. మన ఇంటి వైఫై డబ్బా ఆపేశాను. పక్కింటివాళ్లనూ ఊరేగింపు అయ్యేదాకా ఆపమని అడిగితే, "స్వామి కోసమా, మా సీరియల్ ఆపడానికా?" అని నవ్వి ఆపారు. షెడ్డు రేకుల కంటే బాగా ఎత్తుకు లేపి పంపాను. పోలీసు అనుమతి కాగితం కమిటీవాళ్లు తెచ్చారు. జనం నెత్తి మీదుగా కాక పక్కనుంచి, నా కంటికి కనబడేంత దూరంలోనే ఎగరేశాను. సంక్రాంతి పతంగుల మాంజా ఇంకా తీగల మీద వేలాడుతోంది, దాని జోలికి పోలేదు.

జయంతి పొద్దున మీ అమ్మ పట్టుచీర కట్టుకుంది. డాబా మీద కూర్చుని చూడ్డానికి పట్టుచీర ఎందుకన్నాను. "నేను సూసుడే గాదు, స్వామి నన్ను సూడడా?" అంది. నా వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నా భుజం మీదుగా రిమోటుకు తగిలించిన ఫోన్ తెరలోకి చూసింది. నేను ఏరియళ్లను అరచెయ్యి ఎత్తినట్టు నిలబెట్టాను. డ్రోను షెడ్డు దాటింది. బొమ్మ విరగలేదు. రథం కనబడింది. మగ్గం కనబడింది. నేసేవాడి చేతిలో కండె పెట్టిన నాడె అటూ ఇటూ పరుగెత్తడం కనబడింది. వెనకాల ఎర్రగా అంగుళం అంగుళం గుడ్డ పెరగడం కనబడింది. మీ అమ్మ నా జబ్బ పట్టుకుని ముఖం నా ముఖానికి దగ్గరగా తెచ్చి, "నా కండె! అది నా కండెనే!" అంది. చిన్నపిల్లలా ఏడ్చింది.

అప్పుడు రథం మిల్లు వెనక సందులోకి తిరిగింది. నేను ఆశకు పోయి డ్రోనును దాని వెంటే కిందికి దించాను. రేకుల వెనక్కి. తెర మీద బొమ్మ ఆగింది, నల్లబడింది. గుడ్డ కప్పడం ఇంకా కాలేదు. నేను రిమోటును ఆకాశానికెత్తి స్వామిని నిలదీస్తున్నాను. నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదు. కాసేపటికి మీ అమ్మ కర్ర పట్టుకుని లేచి నా ముందుకు వచ్చి వేలితో పైకి చూపించింది. డ్రోను మా నెత్తి మీదే నిలబడి మెల్లగా దిగుతోంది. సంబంధం తెగితే ఎంత ఎత్తుకు లేచి ఇంటికి తిరిగి రావాలో నువ్వు ఊరికి పోయే ముందే దానికి చెప్పి పోయావట. ఉత్తరంలో రాశావు కూడా. నేనే మరిచిపోయాను.

మీ అమ్మ నవ్వలేదు. "గా రిమోటు కీక్ కీక్ అని మొత్తుకుంటనే ఉన్నది. నీకు ఇనవడలేదా?" అంది.

నేను రిమోటును తిప్పి చూశాను.

"నేను ఆపు ఆపు అని అరిసిన. గది గూడ ఇనవడలేదా?"

"జనం మోత" అన్నాను.

"జనం గుడికాడున్నరు. ఈడ మోతేడిది?" అంది. తర్వాత నెమ్మదిగా, నా పెదవులకేసి చూస్తూ, ఇంకో మాట అంది. "ఆఖరుకు నీ పేరు వెట్టి పిలిసిన. రాజనర్సూ అని. రెండు మార్లు పిలిసిన. నువ్వు తిరగలే."

బిడ్డా, పెళ్లయిన నాటి నుంచి మీ అమ్మ నా పేరు పలికింది లేదు. రేషన్ కార్డువాడు భర్త పేరు అడిగితే నీ చేత చెప్పించిన మనిషి. ఆమె జన్మలో మొదటిసారి నా పేరు నోరారా పిలిస్తే, ఆమెకు చేతికందేంత దగ్గర నిలబడి నేను వినలేదు.

ఇదే చివరన రాస్తానన్న సంగతి. నాకు చెవులు పోయాయి. పూర్తిగా పోలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పట్టుకుంటాను. వెనకనుంచి అంటే లేదు, ఫోన్‌లో అంటే అసలే లేదు. మిల్లులో సాంచెల మోత మధ్య నాలా బతికినవాళ్లలో చాలామందికి వచ్చేదే ఇది. ప్రవచనంలో గొంతు ఎందుకంత పెంచుతాడు, ఎంత నిప్పు ఉంది ఈయనలో అని జనం మెచ్చుకుంటున్నారు. నిప్పు కాదు బిడ్డా, నా గొంతు నాకు వినబడక పెంచుతున్నాను. మొన్న ఏకాదశికి ఒకాయన లేచి ఏదో అడిగితే, కర్మఫలం గురించి గంట కొట్టినట్టు చెప్పాను. ఆయన అడిగింది ప్రసాదం ఎప్పుడు పెడతారని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండా. ఈ సంగతి తెలిస్తే గుడిలో ఆ పీట మీంచి దింపేస్తారని భయపడ్డాను. అందుకే నీ ఫోన్ ఎత్తలేదు. నీ గొంతు అందక నేను ఏదో ఒకటి అంటే నువ్వు కనిపెట్టేస్తావని.

గజేంద్రుడి మొర వైకుంఠం దాకా వినబడింది అని ఎన్నోసార్లు చెప్పాను. ఇన్నేళ్లూ ఆ ఏనుగు గొంతునే మెచ్చుకున్నాను. నిన్న మొదటిసారి స్వామి చెవిని తలచుకున్నాను.

ఇంతటితో అయిపోలేదు. మీ అమ్మ ఊరుకునే మనిషా? "ఇంకో బ్యాటరీ ఉన్నది గద, పెట్టు" అంది. కుర్చీ నా పక్కకు జరుపుకుంది. చెవి ఆమెది, చెయ్యి నాది. రిమోటు కూస్తే నా మోకాలు మీద తట్టేది, నేను డ్రోనును పైకి లేపేవాణ్ణి. గుడి ముందు రథం ఆగింది. గుడ్డ కోశారు. స్వామి భుజాల మీద ఎర్రగా కప్పారు. రేకులకు పైనే నిలిపాను కాబట్టి బొమ్మ ఒక్క గడి కూడా విరగలేదు. మీ అమ్మ రెండు చేతులూ జోడించింది. మోకాలు మీద తట్టాల్సిన చెయ్యి కూడా అందులోనే ఉంది. నేను భయపడలేదు.

ఈసారి సెలవు దొరికితే వచ్చి నన్ను చెవుల డాక్టరు దగ్గరకు తీసుకుపో. గుడివాళ్లకు నేనే చెబుతాను, వచ్చే ఏకాదశికి, పీట మీద కూర్చునే చెబుతాను. ప్రశ్నలు అడిగేవాళ్లు ముందు వరసలోకి రావాలని కూడా చెబుతాను. నువ్వు వచ్చినప్పుడు మెట్లమీంచి బాపూ అని కేకెయ్యకు. నీ మాటే నీకు చెబుతున్నాను. మన మధ్య అడ్డం లేని చోటికి వచ్చి, నా ఎదుట నిలబడి, అరచెయ్యి చూపించు.

చెవిలో మిషను పెట్టాక మొదట ఏం వింటావని మీ అమ్మ అడిగింది. భజన అంటాననుకుంది. "నీ నోట నా పేరు" అని ఆమెతో అన్నాను. ఇది బిడ్డకు రాయొద్దని కలం పట్టుకుంది. పేరు పలుకుతానని ఒప్పుకుంటేనే రాయడం ఆపుతానన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. పెదవులు కనబడలేదు, కాబట్టి ఏమందో నాకు తెలియదు. నువ్వు వచ్చి అడిగి చెప్పు.

ఇట్లు,
నీ ఉత్తరాన్ని కళ్లతోనే వింటున్న
నీ బాపు