గుట్టా గట్టూ లేని మా కాలిబాట

ముందుగా క్షమాపణ. న్యాయశాస్త్రానికి, దాన్ని ఒక్క ఏడాది చదివి వీధంతా పంచిపెట్టిన నా నోటికి, ఎరీ పట్టణంలో చీకటితోనే లేచి గుమ్మాల ముందు మంచు ఎత్తిపోసే సమస్త గృహస్థులకు, ఇదంతా చదవక తప్పని మా అక్కకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. సాష్టాంగపడటం ప్రస్తుతం నాకు సులువే. మొన్న పడినవాణ్ణి ఇంకా లేవలేదు.

కాసిమిర్ పివోవార్ అనే నేను, వయసు ఇరవై నాలుగు, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఆసుపత్రి మంచం మీద రాస్తున్న వీలునామా ఇది. రేపు ఉదయం నా చీలమండలో స్టీలు ప్లేటు బిగిస్తారు. మత్తుమందు ఇంకా ఇవ్వలేదు. "చీలమండ విరిగి చచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు బాబూ, పడుకో" అంటోంది నర్సు డొలోరెస్. ఆవిడ లా చదవలేదు కదా, ధైర్యంగానే ఉంటుంది.

1. పన్నెండో వీధిలోని ఇల్లు అక్క మోనికాకు. ఈ వీలునామాను అమలు చేయాల్సింది కూడా అక్కే. బామ్మ ఈ ఇల్లు నాకిస్తూ "వాకిలి కూడా నీదేరా, గుర్తుంచుకో" అంది. దీవిస్తోందనుకున్నాను. హెచ్చరించిందట.

2. మంచు ఎత్తే పార మా బాబాయి కొడుకు నార్బర్ట్‌కు. మంచు చిమ్మే మిషన్ రెండు చలికాలాల కిందట "ఒక్క పూటకే అన్నా" అని పట్టుకెళ్ళాడు. ఆ పూట ఇంకా గడవలేదు. ఇక వాడు పారతో ఎత్తుకోవచ్చు, మిషన్ అక్కకు తిరిగి అప్పగించాలి.

3. నా న్యాయశాస్త్ర పుస్తకం, దాన్ని కొనే అమాయకుడెవరైనా దొరికితే, అతనికి. అందులో మా పెన్సిల్వేనియా సూత్రం ఒకటుంది. పైనుంచి పడ్డ మంచుతో ఊరంతా ఒకేలా జారుతున్నప్పుడు ఎవరైనా పడితే ఇంటి యజమాని పూచీ కాదు. మంచును గుట్టలుగా, గట్లుగా పేరుకోనిస్తేనే పూచీ. అది చదివిన రోజు నాకు జ్ఞానోదయమైంది. వీధిలో అందరూ మంచు ఎత్తి ఉప్పు చల్లుతుంటే, నేను పార వెనకవైపుతో గట్లన్నీ అణిచి, తట్టి, నున్నగా చదును చేశాను. చట్టం దృష్టిలో మచ్చలేని కాలిబాట. నడవడానికి తప్ప అన్నిటికీ పనికొచ్చేది.

4. మూత ఉన్న గాజు గిన్నె, శుభ్రంగా కడిగి, పక్కింటి హలీనా పిన్నికి తిరిగి ఇవ్వాలి. ఇది కానుక కాదు, ఆవిడ గిన్నే. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే అందులో వేడి పియెరోగీలు, అంటే కూరిన ముద్ద పెట్టి ఉడికించే మా పోలిష్ కజ్జికాయలు, పెట్టుకుని "ఏం తిన్నాడో ఏమో" అని నా కోసం వస్తూ నా కాలిబాట మీద పడింది. పడి, ఆకాశం వైపు చూస్తూ, "ఒరేయ్ లాయరూ! ఇది బాటా, అద్దమా?" అని అరిచింది. నేను గుమ్మంలో నిలబడి ఏమన్నానో రాయడానికి ఈ కలం కూడా సిగ్గుపడుతోంది. "పిన్నీ, పక్కన గట్టేమైనా ఉందా, చూసి చెప్పు" అన్నాను. గిన్నె పగల్లేదు. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. పియెరోగీలు నేనే తిన్నాను.

పిన్ని బతుకంతా ఆ చెయ్యే. మాంసం దుకాణం వెనక వంటగదిలో పియెరోగీల అంచులు నొక్కుతుంది. ఈస్టర్ ముందు ఉపవాసాల శుక్రవారాలు వస్తున్నాయి, మాంసం మానేసి ఊరంతా పియెరోగీలే కొంటుంది. ఏడాది కడుపు నింపే సీజన్ అదే. చెయ్యేమో కట్టులో ఉంది. మా ఇంటి ఇన్సూరెన్స్ మనిషి వచ్చి వీధి అటూ ఇటూ చూసి, "ఇదంతా పైనుంచి పడిందేగా?" అన్నాడు. నేను తలూపాను. పిన్నికి పైసా రాదని చెప్పి వెళ్ళిపోయాడు.

5. ఇంటి పక్క ఖాళీ జాగాలో నేను తయారుచేసిన స్కేటింగ్ మంచు వీధి పిల్లలందరికీ సమష్టిగా. మార్చిలో ఆస్తి దానంతటదే కరిగిపోతుంది కనుక పంపకాల తగాదా ఉండదు. దానికి నీళ్ళు పట్టిన ఆకుపచ్చ రబ్బరు గొట్టం మాత్రం ఎవరికీ ఇవ్వను. కారణం కింద.

6. నా కర్ర, అంటే రేపట్నించి నాకివ్వబోయేది, ఆసుపత్రికే. మొన్న సరిగ్గా అదే చోట, అదే పుస్తకం చంకలో పెట్టుకుని, నేనూ పడ్డాను. నా మీద నేనే దావా వేయవచ్చా అని ఆలోచించాను. ఎటు వాదించినా ఓడిపోయేది నేనే. పిన్ని ఎడమచేత్తో సూప్ పట్టుకుని చూడటానికొచ్చింది. "ఏమంటున్నాయిరా నీ గుట్టలూ గట్లూ?" అంది. నేను తాగేదాకా కదల్లేదు.

7. ఈ క్లాజు నా చావు కోసం ఆగదు. అక్కా, దీని నకలు ఈ రోజే ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపు. పైన ప్రగల్భాలన్నీ మాటలే. పిన్నిని నిజంగా పడేసిన నా పని ఒక్కటే. ఆ ఆదివారానికి ముందు సాయంత్రం స్కేటింగ్ జాగాకు గొట్టం పెట్టి, హాకీ ఆట చూస్తూ మరిచిపోయాను. నీళ్ళు వాలుకి జారి కాలిబాట మీదికొచ్చి గడ్డకట్టాయి. తెల్లారేసరికి మా ఊరి సరస్సు మీదినుంచి వచ్చిన మంచు కురిసి దాన్ని కప్పేసింది. ఇన్సూరెన్స్ మనిషి వచ్చేలోపు గొట్టం చుట్టి నేలమాళిగలో దాచాను. పిన్ని పడిన మంచు ఆకాశానిది కాదు. నాది.

కనుక ఈ వీలునామాలో హలీనా పిన్నికి నేనేమీ రాసివ్వడం లేదు. కానుక పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం పెడితే పేచీలొస్తాయి. అదీగాక, ఆవిడకి రావలసింది కానుక కాదు.

2019 ఫిబ్రవరి 12, ఎరీ.

(సం.) కాసిమిర్ పివోవార్

సాక్షులు:

డొలోరెస్ క్విన్, నర్సు. మత్తుమందు ఇవ్వలేదనడానికి కూడా నేనే సాక్షి.

హలీనా వొయ్తాసిక్. ఎడమచేత్తో. చదివాకే పెట్టాను.