మంద వెంట పోని బీరమ్మ

మక్తల్, ఏప్రిల్ 1963

బాపుకు నమస్కారం.

కాలేజీ చదువు తలకెక్కి నాకు ఇల్లు చేదైందని నువ్వు అనుకుంటున్నావట. మైసయ్య చిన్నబాపు చెప్పాడు. అది నిజం కాదు.

నేను పాఠాలు చెప్పే ఒకటో తరగతిలో బీరమ్మ అని గొర్రెల గాలయ్య బిడ్డ ఉంది. పోయిన ఎండాకాలం ఇంటిల్లిపాదితో మంద వెంట కృష్ణ ఒడ్డుకు పోయి, నేర్చిన అక్షరాలన్నీ మరచి వచ్చింది. ఈ ఏడు మళ్లీ ఒకటిలోనే కూర్చుంది. అందుకే రోజూ తల్లికి ఒక పాఠం చదివి వినిపించమన్నాను. "నాకొక్క అచ్చరం రాదు, నేనేం జెప్త పంతులమ్మా?" అంది తల్లి గోపమ్మ. "చెప్పొద్దు, వింటే చాలు" అన్నాను. నిన్న నేను వాళ్లింటికి పోయేసరికి పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోయి ఉంది. గోపమ్మ ఉన్ని వడకడం ఆపి, అది కూడబలుక్కునేదాకా కదలకుండా కూర్చుంది. పిల్ల చదివింది.

అంతలో గాలయ్య, "ఎల్లుండి మంద కదుల్తాంది. పోరిని ఇడ్సిపెట్టి పోతె గీడ ఎవరు జూస్తరు, నువ్వు జూస్తవా?" అని నవ్వాడు. చూస్తానన్నాను. పిల్లను మన భువనగిరి దాకా తీసుకురావడానికి మాత్రం గోపమ్మ ఒప్పుకోలేదు.

అవ్వ కన్ను ఎట్లుంది? సెలవుల్లో దవాఖానకు తోలుకపోతానన్నది నేనే. నా కోసం రోజులు లెక్కబెట్టుకుంటూ ఉంటుందని తలచుకుంటే అన్నం సయించడం లేదు. అవ్వను దవాఖానకు తమ్ముడు ఐలేశాన్ని తోడిచ్చి పంపు. వాడి పాత వాచకం బీరమ్మ కోసం చిన్నబాపు చేతికియ్యి. అవ్వకు దండాలు, తమ్ముడికి దీవెనలు.

ఈ సెలవులకు నేను రావడం లేదు. బీరమ్మ నా గదిలో ఉంటుంది.

అండాలు